స్టీరింగ్ ఎప్పుడు బిగుస్తోంది?

"స్టీరింగ్ టైట్ అయింది" అని కారు తీసుకెళ్తే, అనుభవమున్న మెకానిక్ వెంటనే బానెట్ ఎత్తడు. "ఎప్పుడు సార్ టైట్ అయ్యేది? పొద్దున్నేనా, బండి వేడెక్కినాకనా? నిలబెట్టి తిప్పితేనా, పోతాంటే కూడానా? రెండు పక్కలా, ఒక పక్కేనా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడక్కుండా "రాక్ పోయింది, మార్చాల" అనేవారి మాట మీద డబ్బు పెట్టకండి. స్టీరింగ్‌లో బాగా ఖరీదైన భాగాల్లో, తిప్పిన తిప్పును ముందు చక్రాలకు చేర్చే రాక్ అనే పళ్ల కడ్డీ ఒకటి. స్టీరింగ్ బిగుసుకుపోయిందంటే తప్పు దానిదే కానక్కర్లేదు. టైరులో గాలి దగ్గర్నుంచి బ్యాటరీ టెర్మినల్ దాకా పది చోట్ల పుట్టే ఇబ్బంది చివరికి చేతికి ఒకేలా తెలుస్తుంది. వాటిని విడదీసి చూపేది ఆ "ఎప్పుడు" అన్న ప్రశ్నే.

అసలు స్టీరింగ్ ఎందుకు మొరాయిస్తుందో ముందు చూద్దాం. నిలబెట్టిన కారులో స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లు దొర్లవు. ఉన్నచోటే నేలను రుద్దుకుంటూ మెలితిరుగుతాయి. చిన్న కారులో ఒక్కో ముందు చక్రం మీద 300 కిలోల బరువు ఉందనుకుందాం. టైరులో గాలి 30 పీఎస్‌ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.1 కిలోలు, ఆ బరువు మోయడానికి 140 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు రబ్బరు నేలకు ఆనాలి. వేళ్లతో సహా చేయి పరిచినంత చోటు అది. గాలి 20కి దిగితే ఆ చోటు 210 దాటుతుంది. టైరు గోడలు కూడా కొంత బరువు మోస్తాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. మొత్తం రాపిడి చక్రం మీది బరువును బట్టి ఉంటుంది కాబట్టి అది పెద్దగా మారదు. కానీ రబ్బరు పరుచుకున్నకొద్దీ ఆ రాపిడి మధ్య నుంచి దూరం జరుగుతుంది, దూరం పెరిగితే మెలితిప్పడానికి ఎక్కువ బలం కావాలి. గాలి 30 నుంచి 20కి పడిపోతే ఆ బలం ఐదో వంతుకు పైగా పెరుగుతుంది.

అందుకే మొదటి పరీక్ష గాలి చూడడం. అదీ పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మే నెలలో అనంతపురం రోడ్డు మీద మధ్యాహ్నం కాసేపు తిరిగిన టైరులో గాలి వేడెక్కి, చల్లగా ఉన్నప్పటికన్నా మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. లోపల తక్కువ ఉన్నా గేజి సరిపోయిందంటుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఆ అంకెనే నమ్మాలి. అందం కోసం వెడల్పు టైర్లు వేయించిన మరునాటి నుంచి స్టీరింగ్ బరువెక్కితే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఈ రాపిడిని ఒకప్పుడు మనిషి భుజాలే మోసేవి. పాత లారీల స్టీరింగ్ చక్రం అంత పెద్దదిగా ఉన్నది అందుకే. చక్రం పెద్దదైతే అదే బలం ఎక్కువ పని చేస్తుంది. మారుతి 800 బరువు దాదాపు 650 కిలోలే కాబట్టి దానికి సాయం అక్కర్లేకపోయింది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు ఆయిల్ ఒత్తిడితో నడిచే పవర్ స్టీరింగ్‌ను 1926లోనే కారుకు బిగించి చూపించాడు. అయినా అది షోరూముల్లోకి రావడానికి పాతికేళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారు దానితో మార్కెట్లోకి వచ్చింది. ఆయిల్ లేకుండా మోటారుతో నడిచే స్టీరింగ్ 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో మొదలైంది. ఇవాళ మన ఊళ్లలో తిరిగే కొత్త చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ఉన్నది ఈ రెండో రకమే. బొలేరో లాంటి బండ్లలో, పాత కార్లలో ఆయిల్ రకం ఇంకా కనిపిస్తుంది.

రెండింటికీ గుండెకాయ ఒకటే: టార్షన్ బార్ అనే సన్నటి ఉక్కు కడ్డీ. స్టీరింగ్ రాడ్డుకూ కింద రాక్‌ను నడిపే పళ్ల చక్రానికీ మధ్య అది ఉంటుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే టైర్లు వెంటనే లొంగవు కాబట్టి ఆ కడ్డీ కొన్ని డిగ్రీలు మెలితిరుగుతుంది. ఎంత మెలితిరిగిందో అంత సాయం కావాలని అర్థం. ఆయిల్ రకంలో ఆ మెలిక ఒక వాల్వును తెరుస్తుంది. పంపు నుంచి వచ్చే ఆయిల్ రాక్ లోపలి పిస్టనుకు ఒక పక్కకు దూకుతుంది. నేరుగా పోతున్నప్పుడు కొద్ది బార్ల (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో) ఒత్తిడి ఉండే ఆయిల్, నిలబెట్టి తిప్పేటప్పుడు 80 బార్ల దాకా ఎగబాకుతుంది. పిస్టను వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లే అనుకున్నా 600 కిలోలకు పైగా తోపు వస్తుంది. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం మనం సందులో కారు తిప్పుకున్న ప్రతిసారీ ఇలా పనిచేస్తోంది. మోటారు రకంలో అదే మెలికను ఒక సెన్సరు కొలిచి కంట్రోల్ యూనిట్‌కు చెబుతుంది, అది మోటారుకు కరెంటు వదులుతుంది.

ఆయిల్ రకంలో పంపును తిప్పేది ఇంజను బెల్టు. ఐడిల్‌లో స్టీరింగ్ గట్టిగా ఉండి, కాస్త రేస్ చేయగానే తేలికైతే పంపో బెల్టో సరిపడా ఆయిల్ తోయలేకపోతోందన్నమాట. ఫుల్ కట్ కొట్టినప్పుడు, అంటే చివరిదాకా తిప్పినప్పుడు, కీచుమని అరిస్తే, వానలో నీళ్లు చిమ్మినప్పుడు మాత్రమే ఒక్కసారిగా బిగుసుకుంటే, బెల్టు జారుతోంది. మన ఎండలకు బెల్టు రబ్బరు గట్టిపడి, లోపలి వైపు అద్దంలా మెరుస్తుంది. అలా మెరిసే బెల్టు పట్టు కోల్పోయినట్టే. అరుపు లేకుండా ఒకే శ్రుతిలో మూలుగు వినిపిస్తే ఆయిల్ డబ్బా మూత తీసి చూడాలి. నురగ కనిపిస్తే ఎక్కడో గాలి లాగుతోంది, ఆయిల్ మట్టం తగ్గిందో, పంపుకు వచ్చే పైపు క్లిప్పు వదులైందో చూసుకోవాలి. నురగ కట్టిన ఆయిల్ నొక్కితే లోపలి గాలి నలుగుతుంది తప్ప పిస్టను కదలదు.

పొద్దున తేలిగ్గా ఉండి, బండి వేడెక్కాక బిగుసుకుంటే పంపు అరిగిందని అనుమానించవచ్చు. వేడికి ఆయిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి లోపల్లోపలే వెనక్కి కారిపోతుంది. దీనికి తిరగబడ్డ లక్షణం కూడా ఉంది: పొద్దున్నే బిగుసుకుని ఉండి, పది నిమిషాలు నడిపాక తేలికవుతుంది. అది వాల్వు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగులు, అంటే సీళ్లు, గట్టిపడడం వల్ల వచ్చేది, వేడెక్కాక అవి సాగి పని చేస్తాయి. ఒక పక్కకు మాత్రమే బరువుగా ఉంటే పంపు జోలికి పోనక్కర్లేదు. పంపు రెండు పక్కలకూ ఒకటే కదా. అప్పుడు తప్పు వాల్వులోనో రాక్ సీళ్లలోనో ఉంటుంది. ఆయిల్ పోసేటప్పుడు మాత్రం మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పోయాలి. దగ్గర్లో ఉందని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బిపోయి, లేని జబ్బు కొత్తగా వస్తుంది.

మోటారు రకంలో ఆయిలూ లేదు, బెల్టుతో నేరుగా పనీ లేదు. దాని ప్రాణం బ్యాటరీ దగ్గర ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క అందరూ తెలుసుకోవాలి. నిలబెట్టి గట్టిగా తిప్పినప్పుడు ఆ మోటారు 60 ఆంపియర్ల దాకా లాగగలదు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని 0.03 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి. 60 ఆంపియర్లు దాన్ని దాటేటప్పటికి 1.8 వోల్టులు అక్కడే పోతాయి. 12 వోల్టుల్లో అది పెద్ద కోత. వోల్టేజి ఒక హద్దు దిగితే కంట్రోల్ యూనిట్ సాయం తగ్గిస్తుంది లేదా పూర్తిగా ఆపేస్తుంది. అదే టెర్మినల్ మీదుగా రెండు హెడ్‌లైట్లకు పోయేది 9 ఆంపియర్లే, దానికి పోయే వోల్టేజి 0.27. లైట్లు చక్కగా వెలుగుతాయి, హారను మోగుతుంది. "బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది" అని యజమాని అనుకుంటాడు, అనుమానం స్టీరింగ్ మోటారు మీద పడుతుంది. వేలల్లో ఖర్చయ్యే పొరపాటు ఇక్కడ జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటరు చాలు. ఇంజను ఆన్‌లో పెట్టి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా మీటరు ఒక ముల్లు బ్యాటరీ పోల్ మీద, రెండోది దానికి బిగించిన క్లాంపు మీద పెట్టాలి. అర వోల్టు చూపించినా ఆ జాయింటు విప్పి శుభ్రం చేయాల్సిందే. బాడీకి ఎర్త్ వైరు బిగించిన చోట కూడా ఇదే పరీక్ష చేయాలి. చాలామంది దాన్ని మరిచిపోతారు. బ్యాటరీ విప్పి మళ్లీ పెట్టాక కొన్ని కార్లలో స్టీరింగ్ బొమ్మ లైటు వెలిగే ఉంటుంది. ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పితే సెన్సరు తన స్థానం గుర్తుపట్టి లైటు ఆరిపోతుంది. ఆరకపోతే కారు కంప్యూటరులోని తప్పుల కోడ్ చదివే స్కానర్ పెట్టించాలి. స్కానర్ పెట్టినవారు కోడ్ చెరిపేసి పంపకుండా, ఏ కోడ్ వచ్చిందో కాగితం మీద రాసిమ్మని అడగండి.

మోటారు స్టీరింగ్‌లో జబ్బు కాని బిగువు ఒకటుంది. కర్నూలు పాతబస్తీ సందుల్లో ముందుకూ వెనక్కూ పదేపదే కట్ కొడుతూ బండి తిప్పుకుంటే కాసేపటికి స్టీరింగ్ బరువెక్కుతుంది. మోటారు చుట్టలు వేడెక్కాయి కాబట్టి, అవి కాలిపోకుండా కంట్రోల్ యూనిట్ కరెంటు తగ్గించింది. రాగి ప్రతి డిగ్రీ వేడికీ నిరోధం సుమారు 0.4 శాతం పెంచుకుంటుంది. 50 డిగ్రీలు పెరిగితే ఐదో వంతు. బయటే 42 డిగ్రీలున్న రోజున ఆ హద్దు త్వరగా వస్తుంది. కాసేపు ఆగితే మామూలవుతుంది. హైవే మీద స్టీరింగ్ కొంచెం గట్టిగా అనిపించడం కూడా తప్పు కాదు. వేగం పెరిగేకొద్దీ చక్రం చేతిలో తేలిపోకుండా సాయం తగ్గించేలా దాన్ని కట్టారు.

సాయం సరిగానే అందుతున్నా, కదలాల్సిన చోట కదలకపోతే ఏం చేయాలి? చదును నేల మీద ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, ఇంజను ఆపి స్టీరింగ్ తిప్పి చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరకూడదు. నేల రాపిడి లేదు, పంపు లేదు, మోటారు లేదు. ఇంకా బరువుగా ఉంటే తప్పు ఇనుములో ఉంది. ఆయిల్ రకమైతే లోపలి ఆయిల్ అటూ ఇటూ జరగాలి కాబట్టి కొద్దిగా మందంగా ఉండడం మామూలే.

అనంతపురంలో బళ్లారి రోడ్డు పక్క షెడ్డులో ఈ పరీక్షను దగ్గర్నుంచి చూశాను. ఆ కారుకు రాక్ మార్చాలని అప్పటికే వేరేచోట చెప్పారు. మెకానిక్ చక్రాలు లేపి, స్టీరింగ్‌ను రెండు వేళ్లతో నెమ్మదిగా తిప్పాడు. ఒక చుట్టులో రెండుసార్లు బిగుసుకుంది, రెండుసార్లు వదిలింది. ఆయన ముఖంలో అప్పుడే జవాబు కనిపించింది. అయినా తొందరపడలేదు. రాక్‌ను చక్రాలకు కలిపే ఎండ్స్‌ను రెండు పక్కలా విప్పి మళ్లీ తిప్పాడు, తేడా లేదు. చక్రాల వైపు తప్పు లేదని తేలింది. తర్వాత గుర్తు పెట్టుకుని స్టీరింగ్ రాడ్డును రాక్‌కు వంపుగా కలిపే కింది క్రాస్ జాయింటును రాక్ నుంచి వేరు చేశాడు. రాక్ షాఫ్టు చేత్తో పట్టి తిప్పితే సాఫీగా తిరిగింది. క్రాస్ జాయింటు మాత్రం తుప్పు పట్టి ఒక వైపు కదలనంటోంది. చక్రాల నుంచి చిమ్మిన ఎర్రమట్టి దాని మీద పేరుకుంది, కడిగిన ప్రతిసారీ ఆ మట్టి తడి పట్టి ఉంచింది. "రాక్ బాగానే ఉందన్నా, దీనికే ఇంత గోల" అని ఆ ముక్కను ఆయన యజమాని చేతిలో పెట్టాడు. ఒక చుట్టులో రెండుచోట్ల బిగువు అంటే క్రాస్ జాయింటే. రెండు షాఫ్టులు వంపుగా కలిసిన చోట అది ప్రతి చుట్టుకూ రెండుసార్లు అటూ ఇటూ మడత పడాలి.

మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే ఇంకోచోట చూడాలి. షాకబ్జార్బర్ పైన ఉండే బేరింగు, బాల్ జాయింటులు ఎండిపోయాయేమో చూడాలి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు మీద చేయి ఆనించి ఉంచితే, చెడిన బేరింగు వైపు స్ప్రింగు ఆగి ఆగి టంగుమని దూకడం అరచేతికి తెలుస్తుంది. అలైన్‌మెంట్‌లో కాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే ఇరుసు పక్కనుంచి చూస్తే వాలి ఉండే కోణం) తేడా పడినా బరువు మారుతుంది, కానీ అది గుంతలో పడి ఏదో వంగితే తప్ప దానంతట మారదు.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు లాంటి చోట్ల, దిగుడులో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి బండిని జారనిచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మానండి. ఇంజను ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ కూడా కొద్దిసార్లు తొక్కేసరికి అయిపోతుంది. తాళంచెవి తీస్తే స్టీరింగే లాక్ అవుతుంది.

నడుస్తున్న బండిలో సాయం దానంతట పోతే కంగారు పడనక్కర్లేదు. చక్రాలకూ స్టీరింగ్‌కూ మధ్య ఇనుప బంధం అలాగే ఉంటుంది. బలంగా తిప్పితే బండి తిరుగుతుంది. వేగం తగ్గిస్తూ, ఇండికేటరు వేసి, పక్కకు తీసి ఆపండి. తర్వాత డ్యాష్‌బోర్డు చూడండి. ఆయిల్ రకం బండిలో స్టీరింగ్ బిగిసిన క్షణానే బ్యాటరీ లైటు కూడా వెలిగితే బెల్టు తెగిందన్నమాట. చాలా ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేదీ అదే బెల్టు. టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కకముందే ఇంజను ఆపి, టోయింగ్ బండిని పిలిపించుకోండి.