అట్ట సరే, జిగురు సంగతేంటి?

మారతహళ్లి నుంచి పచ్చళ్లు, పొడులు, పూతరేకులు కొరియర్‌లో పంపే ఒక పాఠకురాలు అడిగారు: "మా ప్యాకింగ్‌లో ప్లాస్టిక్ దాదాపు మానేశాం, అంతా అట్టే. అయినా గుజరీ దుకాణం వాళ్లు కొన్ని పెట్టెలను పక్కకు తోసేస్తున్నారు, మిగతావాటికి రేటు కోస్తున్నారు. ఎందుకు?"

రీసైక్లింగ్ ఎందుకు మంచిదో ఇక్కడ చెప్పడం లేదు. ఆ పని స్కూలు డ్రాయింగ్ పోటీలు చూసుకుంటున్నాయి. ఏ బళ్లోనూ చెప్పని సంగతి ఇంకొకటుంది: పాత అట్టను కొత్త కాగితంగా మార్చే పనిలో సగం యుద్ధం జిగురుతోనే.

గంజి పెట్టిన నూలు చీరను గుర్తు చేసుకోండి. నూలూ సెల్యులోజే, కాగితమూ సెల్యులోజే; మొక్కల పోగుల్లో పొడవాటి గొలుసుల్లా ఉండే పదార్థం అది. ఇస్త్రీకి ముందు నీళ్లు చిలకరిస్తాం. నీటి అణువులు సెల్యులోజ్ గొలుసుల నడుమ దూరి, వాటిని పట్టి ఉంచిన హైడ్రోజన్ బంధాలనే బలహీనమైన పట్టులను విడదీస్తాయి. ఇస్త్రీ వేడికి ఆ నీరు ఆవిరైపోగానే, గొలుసులు ఎలా ఉన్నవి అలాగే కొత్త బంధాలు వేసుకుంటాయి. మడత నిలిచేది అందుకే. అదే చీర వానలో తడిస్తే బిరుసంతా దిగిపోతుంది. మరి చీర పీలికలవకుండా ఎందుకుంటుంది? నూలుకు పురి ఉంది. కాగితంలో పోగులకు పురి లేదు. పొడవు కూడా యూకలిప్టస్ లాంటి చెట్లవైతే 1 మిల్లీమీటరు, పైన్ జాతివైతే 3 మిల్లీమీటర్ల దాకా. వాటిని కలిపి ఉంచేవి ప్రధానంగా ఆ బంధాలే. నీరు దూరితే విడిపోతాయి, ఆరితే కలుస్తాయి. ఒక్క చోట మాత్రం పోలిక తప్పుతుంది. చీర ఉతికేకొద్దీ మెత్తబడితే, కాగితపు పోగు ఆరిన ప్రతిసారీ లోపలి సన్నని రంధ్రాలు మూసుకుపోయి బిరుసెక్కుతుంది, మళ్లీ తడిపినా అంతగా ఉబ్బదు. పోగులు మరీ అలసిపోతే మిల్లువాళ్లు కొంత కొత్త గుజ్జు కలపక తప్పదు.

మిల్లులో అట్టను నీళ్లలో గుజ్జు చేసే, హైడ్రాపల్పర్ అనే పెద్ద తొట్టి ఉంటుంది. నూరు లీటర్ల నీటికి నాలుగైదు కిలోల అట్ట, 40–50 డిగ్రీల వేడి, సుమారు ఇరవై నిమిషాల తిప్పుడు. ఆలోగా నీరు లోపలికి దూరాలి. దూరనివ్వనిదేదైనా గుజ్జుకు శత్రువే. స్వీటు డబ్బాల మీద మెరిసే ఫిల్మ్ మందం 20 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్క వైపే ఉంటే రెండో వైపు నుంచి నీరు ఆలస్యంగానైనా ఎక్కుతుంది. రెండు వైపులా ఉంటే కోసిన అంచుల నుంచి తప్ప దారి లేదు, ఆ ఇరవై నిమిషాలు చాలవు. తడిసినా చిరగకూడదని పాలిఅమైడ్-ఎపిక్లోరోహైడ్రిన్ రెసిన్ కలిపిన అట్ట ఇంకా మొండి. అందులో పోగుల మధ్య నీటికి లొంగని సమయోజనీయ బంధాలు, అంటే గట్టి రసాయన బంధాలు పడతాయి. క్షారం, వేడి, పర్‌సల్ఫేట్ లాంటి రసాయనాలు వాడితేగానీ అది విడిపోదు.

ఇప్పుడు జిగురు. త్రీ ప్లై, ఫైవ్ ప్లై అట్టల్లో వంకీల పొరను అంటించేది గంజే: మొక్కజొన్న స్టార్చి, కాస్త కాస్టిక్ సోడా, కాస్త బోరాక్స్. తొట్టిలో అది కరిగి నీళ్లతో పోతుంది, పేచీ లేదు. పుస్తకాల వెన్నుకు కరిగించి వేసే హాట్‌మెల్ట్ జిగురు చల్లబడితే గట్టి ముక్క, జల్లెడ ఆపేస్తుంది. దీని మీద యూరప్ కాగితపు రీసైక్లింగ్ మండలి లెక్క కూడా కట్టింది. మెత్తబడే వేడి కనీసం 68 డిగ్రీలు, పొర మందం కనీసం 120 మైక్రాన్లు, అడ్డంగా కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉంటే తీసేయగలిగేదని లెక్క.

అసలు చిక్కు ఈ రెంటికీ మధ్యనున్నది. టేపు వెనక, కొరియర్ లేబుల్ వెనక ఉండే, నొక్కితే అంటుకునే ఎక్రిలిక్ జిగురు. అది నీళ్లలో కరగదు, గట్టిగానూ ఉండదు. గుజ్జును జల్లించే చీలికల వెడల్పు 0.15–0.25 మిల్లీమీటర్లు. ఒత్తిడికి ఈ మెత్తటి బంక సన్నగా సాగి అందులోంచి జారిపోతుంది. తర్వాత గుజ్జును గిర్రున తిప్పి, బరువు తేడాతో మలినాలు తీసే క్లీనర్లుంటాయి. ఇసుక సాంద్రత నీటికి 2.6 రెట్లు, సులువుగా వేరవుతుంది. ఈ బంకది దాదాపు నీటి సాంద్రతే, పైకీ తేలదు, అడుక్కీ దిగదు. మిల్లు తిప్పి తిప్పి వాడే నీళ్లలో పేరుకుని, వేడి, ఆమ్లత మారగానే ముద్దలు కట్టి, తడి కాగితాన్ని మోసే తీగ జాలికి, ఫెల్టు గుడ్డకు, నూరు డిగ్రీలు దాటిన డ్రయర్ సిలిండర్లకు అంటుకుంటుంది. కాగితానికి చిల్లు పడుతుంది, పరుగులో తెగుతుంది. గుజరీ దుకాణంలో కోసే రేటు వెనక ఆ తెగిన కాగితం ఖర్చుంది.

1990ల్లో అమెరికా తపాలా శాఖకు తడపకుండానే అంటుకునే స్టాంపుల జిగురుతో సరిగ్గా ఇదే తలనొప్పి. అక్కడి మాడిసన్ నగరంలోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ అనే కలప పరిశోధనశాలతో కలిసి వాళ్లు పట్టుకున్న దారి ముచ్చటైనది: జిగురును కరిగించొద్దు, తొట్టిలో పెద్ద ముక్కలుగానే మిగిలేంత దృఢంగా చేస్తే చాలు, జల్లెడ చూసుకుంటుంది.

ఇక ప్యాకింగ్ బల్ల దగ్గరికి. పారదర్శక టేపుకు బదులు, తడిపి అంటించే కాగితపు గమ్ టేపు వాడొచ్చు. వెనక ఉండేది స్టార్చి. గాజు పోగులు లేనిది అడగండి. గోరువెచ్చని నీటితో తడిపి, దుమ్ము తుడిచిన అట్ట మీద కొన్ని క్షణాలు గట్టిగా నొక్కాలి. నీళ్లు తక్కువైతే అంచులు లేస్తాయి, ఎక్కువైతే జిగురే కొట్టుకుపోతుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చుట్టలు గాలి తేమకే తమలో తాము అంటుకుంటాయి, పాలిథిన్ సంచిలో మూసి పెట్టాలి. పారదర్శక టేపు మానలేకపోతే కొరియర్ లేబుల్‌ను దాని మీదే వేయండి, రెండూ కలిసి ఒకే పట్టీగా ఊడొస్తాయి. సిరా లేకుండా వేడితో అచ్చయ్యే థర్మల్ లేబుల్ కాగితంలో హానికరమైన బిస్ఫినాల్ జాతి రసాయనాలు ఉండొచ్చు, అది ఎలాగూ గుజ్జులోకి పోకూడదు. ఇనప పిన్నుల గురించి మాత్రం బెంగ వద్దు, అయస్కాంతం లాగేస్తుంది.

గోధుమరంగు ఉంటే ప్రకృతికి మంచిదన్న నమ్మకం దిష్టి గుమ్మడికాయ లాంటిది, పరీక్షకు నిలవదు. డబ్బా మీద పచ్చని ఆకు బొమ్మ ఉంటే ఉండనీ, దాన్ని ఇలా పరీక్షించి చూడండి. టేపు, లేబుల్‌తో సహా 25 గ్రాముల అట్టను అంగుళం ముక్కలు చేసి, లీటరు 50 డిగ్రీల నీటిలో పది నిమిషాలు నానబెట్టండి. పదునైన బ్లేడు వద్దు, అది ఫిల్మ్‌నూ ముక్కలు చేసి మోసం చేస్తుంది; మిక్సీలో మజ్జిగ చిలికే బ్లేడు వేసి, అరనిమిషం చొప్పున ఆగి ఆగి ఐదు నిమిషాలు తిప్పండి. పొరలుగా మిగిలితే పూత సమస్య. పోగులుగా విడిపోతే పిండి జల్లెడలో వడకట్టి, కిందికి దిగిన గుజ్జును నూలు గుడ్డ మీద పలుచగా పరిచి నీడన ఆరనివ్వండి. తర్వాత రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, సిల్క్ వేడిలో ఒక నిమిషం ఇస్త్రీ చేసి, చల్లారాక విడదీయండి. పోగులను పీకుతూ అంటుకున్న మెరిసే చుక్కలే ఆ బంక.

నూనె కారిన పెట్టె సంగతి వేరు. నూనె పోగుల మీద పొర కట్టి బంధాలు పడనివ్వదు, కొత్త కాగితంలో మచ్చగా మిగులుతుంది. ఆవకాయ మరక ఉన్న మేరకు కోసి తడిచెత్తలో వేసి, మిగతాది చదును చేసి పొడిగా కట్టండి. తేమ నూటికి పది, పన్నెండు పాళ్లు దాటితే మిల్లు ఆ మేరకు తూకంలో కోస్తుంది.

పెట్టెలు చేసేవాళ్లకిచ్చే ఆర్డర్లో మూడు మాటలు రాసి ఇవ్వండి: ఫిల్మ్ బదులు నీటి ఆధారిత వార్నిష్, అంటింపుకు స్టార్చి, తడికి చిరగని రెసిన్ వద్దు. ఎక్రిలిక్ టేపు వాడకం తగ్గించడం మాత్రం వాళ్ల చేతిలో లేదు, మీ ప్యాకింగ్ బల్ల దగ్గరే తేలాలి.