మిద్దె మీద సోలార్: ఎండ అదే, లెక్క మారింది

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండకు ఎప్పుడూ కరువు లేదు. అయినా పదిహేనేళ్ల కిందట ఇంటి మిద్దె మీద సోలార్ ప్లేట్లు పెట్టుకోవడం డబ్బున్నవాళ్ల ముచ్చటే తప్ప, లెక్క వేసి చేసే పని కాదు. ప్లేట్ల ధర, మీటరు పద్ధతి, కరెంటు శ్లాబులు, సబ్సిడీ ఒకదాని వెంట ఒకటి మారుతూ వచ్చి ఇప్పటి లెక్క తయారైంది.

జాతీయ సోలార్ మిషన్ 2010 జనవరిలో మొదలైంది. తొలి విడత వేలంలో కంపెనీలు కరెంటు అమ్ముతామన్న అతి తక్కువ ధర యూనిట్‌కు 10.95 రూపాయలు. ఏడేళ్లు తిరిగేసరికి, 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో అది 3.15కు దిగింది. గని, శకునాల గ్రామాల దగ్గరి 1000 మెగావాట్ల పార్కు పూర్తయిందీ ఆ ఏడాదే. అంతకు ముందే నంబులపూలకుంటలో ఎన్టీపీసీ ప్లేట్లు పరిచింది. ఆ కరెంటంతా పెద్ద లైన్లెక్కి పోయింది. పార్కు కంచె పక్క ఊళ్లో ఇంటి బిల్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. పార్కుల వల్ల ఇళ్లకు దక్కింది ఒక్కటే, ప్లేట్లు చవకవడం.

ఇంటి సోలార్‌కు అసలు అడ్డు బ్యాటరీ. 2012, 2013 కోతల కాలంలో చాలామంది ఇన్వర్టర్లు కొన్నారు. నాలుగైదేళ్లకోసారి లెడ్ యాసిడ్ బ్యాటరీ మార్చే ఖర్చు కలిపితే సోలార్ గిట్టుబాటయ్యేది కాదు. 2015 రాష్ట్ర సోలార్ విధానం నెట్ మీటరింగ్‌కు చోటిచ్చింది. పగలు మిగిలిన కరెంటు లైన్లోకి పోతుంది, రాత్రి వాడుకున్నదాంట్లో అది కోత పడుతుంది. అంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లైనే మన బ్యాటరీ. దీంతో పెట్టుబడిలో పెద్ద ముక్క తగ్గిపోయింది.

కేంద్ర సబ్సిడీ తీరు కూడా మారుతూ వచ్చింది: మొదట 30 శాతం, 2019లో 3 కిలోవాట్ల వరకు 40 శాతం. మధ్యలో ఎదురుగాలీ వీచింది. 2021 అక్టోబరులో జీఎస్టీ 5 నుంచి 12 శాతానికి, 2022 ఏప్రిల్‌లో దిగుమతి ప్లేట్ల మీద సుంకం 40 శాతానికి పెరిగాయి. జీఎస్టీ 2025 సెప్టెంబరులో మళ్లీ 5కు దిగింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్య ఘర్ శాతాల గొడవ తీసేసి నికరంగా మొత్తం చెప్పింది: 1 కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయలు.

అందరూ సబ్సిడీ గురించే అడుగుతారు. తేల్చేది మాత్రం బిల్లులోని శ్లాబు. 2022-23 నుంచి రాష్ట్రంలో ఇళ్లకు ధర ఇలా ఉంది: మొదటి 30 యూనిట్లు 1.90, 31 నుంచి 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. సోలార్ యూనిట్ బిల్లును పైనుంచి కొరుక్కుంటూ వస్తుంది. ముందు తినేది ఖరీదైన యూనిట్లనే.

నెలకు 300 యూనిట్లు కాలే ఇల్లు తీసుకుందాం. ఎనర్జీ ఛార్జీ, అంటే వాడిన యూనిట్ల ధర, 1,673 రూపాయలు. మన వైపు 1 కిలోవాట్‌కు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 వేసుకోవచ్చు. మొదటి కిలోవాట్ తప్పించేది 75 యూనిట్లు 8.75 ధరవి, 45 యూనిట్లు 6 రూపాయలవి, వెరసి 926 రూపాయలు. రెండో కిలోవాట్ తప్పించేది 600. మూడోదానికి మిగిలేవి అడుగున ఉన్న 60 చవక యూనిట్లే, వాటి విలువ 147. దాని మిగులు డిస్కంకు పోతుంది, దానికి వాళ్లిచ్చే ధర పై శ్లాబుల దగ్గరకు కూడా రాదు. అందుకే 300 యూనిట్ల ఇంటికి ‘3 కిలోవాట్లు పెట్టండి సార్, సబ్సిడీ పూర్తిగా వస్తుంది’ అనే ఏజెంటు మాట అతని అమ్మకానికి మంచిది. ఏసీ కొనే ఆలోచన ఉంటే అది వేరే సంగతి.

2 కిలోవాట్లకు 1,30,000 అయితే, సబ్సిడీ పోను 70,000. నెలకు 1,526 మిగిలితే నాలుగేళ్లలోపే తిరిగొస్తుంది. ఇంధన సర్దుబాటు ఛార్జీలు ఇందులో కలపలేదు, కలిపితే ఇంకాస్త ముందే వస్తుంది. అదే 100 యూనిట్ల ఇంట్లో మొత్తం ఎనర్జీ ఛార్జీయే 304. 1 కిలోవాట్‌కు చేతినుంచి 35,000 పడినా తొమ్మిదేళ్లు దాటుతుంది. ఆలోపు ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు, దాని వారంటీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు. 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు అందుతున్న ఎస్సీ, ఎస్టీ ఇళ్లలో ఆదా అయ్యేదే లేదు, కాబట్టి సొంత డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

ఇక మిద్దె మీదికి వద్దాం. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువని అనుకుంటారు. ప్లేటు రేటింగు 25 డిగ్రీల దగ్గర ఇచ్చింది. మే నెలలో గాలి 42 ఉంటే ప్లేటు లోపలి సెల్ 65 దాటుతుంది. ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతూ, మధ్యాహ్నం 15 శాతం దాకా పోతుంది. ప్లేటు కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తుగా ఉండాలి. దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలు చాలు.

తర్వాతి శత్రువు దుమ్ము. బేతంచెర్ల, తాడిపత్రి నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ పొడి మంచుకు తడిసి ఆరితే సున్నం పూసినట్టు పట్టేస్తుంది. పది పదిహేను రోజులకోసారి కడగాలి, తెల్లవారుజామునే. కాలిన ప్లేటు మీద చన్నీళ్లు పోస్తే అద్దం పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లయితే ఆరకముందే వైపర్‌తో లాగేయాలి, లేకపోతే తెల్ల మరకలు నిలిచిపోతాయి. ఆర్‌వో మిషన్ వదిలేసే నీళ్లు అసలు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

నీళ్ల ట్యాంకు నీడ చిన్నదే కదా అని వదిలేస్తారు. ప్లేటులోని సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక మూల నీడ పడినా ప్లేటులో మూడో వంతు దాకా ఆగిపోవచ్చు. 540 వాట్ల ప్లేట్లు నాలుగు పెడితే 2 కిలోవాట్లు. ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు, దాదాపు 28 కిలోలు. ఆర్‌సీసీ శ్లాబుకు ఇది బరువు కాదు. పాత మట్టి మిద్దె, బండల మిద్దెలకు మాత్రం బోల్టు కొట్టనివ్వొద్దు, గోడల మీద దూలం వేసి నిలబెట్టాలి. ఎర్తింగ్ గుంతలు మూడు వేరువేరుగా ఉండాలి: డీసీకి, ఏసీకి, పిడుగుకు. అనంతపురం రాతినేల ఎండిపోతే ఎర్త్ పనిచేయదు, ఎండాకాలం ఆ గుంతల్లో నీళ్లు పోస్తుండాలి.

చాలామంది పెట్టించుకున్నాక తెలుసుకునేది ఒకటుంది. లైన్లో కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్‌ను అలాగే తయారుచేస్తారు. కోతల కోసం కొనేవాళ్లకు బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ కావాలి. అప్పుడు పై నాలుగేళ్ల లెక్క చెల్లదు.

కాగితాల్లో ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గర. సర్వీసు ఇంకా తాత పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించాలి, లేకపోతే సబ్సిడీ బ్యాంకు ఖాతాకు చేరదు. కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణతో 10 కిలోవాట్ల వరకు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. సబ్సిడీకి దేశీయ సెల్‌తో చేసిన ప్లేట్లే పనికొస్తాయి. వాటి ధర కాస్త ఎక్కువ. ఏజెంటు చవకగా ఇస్తానంటే కొటేషన్‌లో డీసీఆర్ (దేశీయ సెల్, ప్లేట్ల షరతు) అన్న మాట ఉందో లేదో చూడండి. బిగించాక మొదటి బిల్లులో తీసుకున్న యూనిట్లు, పంపిన యూనిట్లు విడివిడిగా పడ్డాయో లేదో సరిచూడాలి. పంపినవి సున్నా అని ఉంటే నెట్ మీటరు ఇంకా నమోదు కాకపోయి ఉండొచ్చు, అలాగైతే ఆ నెల లైన్లోకి పోయిన మిగులు బిల్లులో ఎక్కడా కనబడదు.