రొమ్ము క్యాన్సర్: సర్కారు దవాఖానా, కార్పొరేట్ ఆసుపత్రి – అపోహలు, వాస్తవాలు

"మేడం, ఎకరం అమ్మి కార్పొరేట్‌కు పోదామంటున్నడు మా ఆయన. పోవాల్నా?" ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు వచ్చిన రోజు ఓపీలో తరచూ వినే ప్రశ్న. కొన్నేళ్లు ప్రైవేటులో పనిచేసి, ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో రొమ్ము ఆపరేషన్లు చేస్తున్నాను. తేడాలున్నాయి. జనం వెతికే చోట మాత్రం లేవు.

అపోహ: సర్కారులో రొమ్ము మొత్తం తీసేస్తారు, ప్రైవేటులో కాపాడతారు.

సగం నిజమే, కారణం వేరు. గడ్డ వరకే తీస్తే తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, దాదాపు తప్పనిసరి. ఆ మిషన్లు ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్లు వచ్చి వారాల తరబడి హైదరాబాద్‌లో ఉండాలి. వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది. గది అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? "మొత్తం తీసెయ్యండి మేడం, మళ్లీ మళ్లీ రాలేను" అని ఆమే అంటుంది. మేం కేసు షీట్లో "రోగి కోరిక" అని రాస్తాం. రాసేటప్పుడు సిగ్గుగానే ఉంటుంది. తగిన కేసుల్లో రెండు పద్ధతులకూ ఆయుష్షు ఒకటేనని అమెరికా, ఇటలీ పరిశోధనల 20 ఏళ్ల ఫలితాలు 2002లోనే తేల్చాయి. ప్రాణానికి లోటు లేదు, కానీ ఎంచుకునే వీలు డబ్బున్నవాళ్లకే ఉంది.

అపోహ: పక్కామెకు కరెంటు 25 సిట్టింగులు, నాకు 15. ఫ్రీ కదా, తగ్గించేశారు.

రోజు మోతాదు కాస్త పెంచి 3 వారాల్లో ముగించినా ఫలితం తగ్గదని బ్రిటన్‌లో వేలమందిని పదేళ్లు గమనించి చెప్పారు.

అపోహ: ప్రైవేటులో రెండో రోజే ఆపరేషన్ అయింది, అదృష్టం.

నాకు గుబులు పుట్టించేది ఇదే. కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో ముక్క పరీక్ష చేయకుండానే "కొవ్వు గడ్డ" అని కోసేస్తారు. తీసినదాన్ని ల్యాబ్‌కైనా పంపని కేసులు చూశాను. తర్వాత క్యాన్సర్ అని తేలితే, ముందే కీమో ఇచ్చి గడ్డను కుదించే అవకాశం పోయినట్టే. డబ్బయిపోయాక మా దగ్గరికొస్తారు, మళ్లీ ఆపరేషన్.

అపోహ: సర్కారు మందులు నాసిరకం.

హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ రెండు చోట్లా అదే మాత్ర. హెర్2 పాజిటివ్ వాళ్లకు, అంటే గడ్డలో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువున్నవాళ్లకు, ఏడాదిపాటు ఇచ్చే ఇంజెక్షన్ ట్రాస్టుజుమాబ్‌కు 2014లో బెంగళూరు బయోకాన్ దేశీ రూపం తెచ్చింది. 2017లో అమెరికా కూడా దానికి అనుమతిచ్చింది. చిక్కు మందు కంటే ముందే, పరీక్ష దగ్గర మొదలవుతుంది. హెర్2 రిపోర్టు 2+, అంటే అటూ ఇటూ కాకుండా వస్తే ఫిష్ అనే మరో పరీక్ష చేస్తేగానీ ఏదీ తేలదు. నేను చూసినంతలో మా దగ్గర దాన్ని బయటి ల్యాబ్‌కు పంపాలి, చేతి డబ్బు పెట్టాలి. కొందరు ఆ కాగితం లేకుండానే కీమోలోకి వెళ్లిపోతారు. ఆ ఇంజెక్షన్ తమకు అవసరమో కాదో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఫైలు చూస్తే వైద్యం పూర్తయినట్టే ఉంటుంది.

ఎకరం సంగతి అడిగినామెతో ఇంతే అన్నాను: "పొలం ఉంచుకోమ్మా. ఫిష్ పరీక్షకు, మూడు వారాల గదికి డబ్బు పక్కన పెట్టుకో. ఎక్కడ మొదలుపెట్టినా ముక్క దాచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకో. ఆసుపత్రి మారితే వాటి మీదే మళ్లీ పరీక్ష చేస్తారు."