చెన్నై నుంచి ట్రింకోమలీ దాకా: తీర పర్యాటకం గురించి అపోహలు - వాస్తవాలు

టి.నగర్‌లో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మంది నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్ళే. పద్నాలుగేళ్ళుగా శ్రీలంక, మాల్దీవులు, అండమాన్, థాయిలాండ్ ట్రిప్పులు వేస్తున్నాను. కూర్చోగానే అడిగేది "ఎంతవుతుందండీ?" అని. ఈ మధ్య దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తోంది: "సస్టైనబుల్ టూరిజం అంటున్నారు కదా, అది ఏదైనా కొత్త ప్యాకేజీయా?"

ప్యాకేజీ కాదు. చూడ్డానికి వెళ్ళిన సముద్రాన్ని, అక్కడి మనుషుల బతుకునీ పాడుచేయకుండా చూసి రావడం. మా బోటి తీరప్రాంతాల్లో ఇది ఒక్క దేశం చేతిలో ఉండే పని కాదు, చుట్టుపక్కల దేశాలన్నీ చేయి వేయాలి. దీనిమీద నేను రోజూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఒకటి రెండు ఒకప్పుడు నావి కూడా.

అపోహ: శ్రీలంకకో మాల్దీవులకో వెళ్ళే ప్రతి టూరిస్టూ మనం పోగొట్టుకున్నట్టే

పొరుగింటి పుల్లకూర రుచి కాబట్టి జనం అటే పోతారని, మన బీచ్‌లు ఖాళీగా పడుంటాయని మా సాటి ఏజెంట్లే గొణుగుతుంటారు. నేనైతే ఒక్కసారి వానల క్యాలెండర్ చూడమంటాను.

మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులకి శ్రీలంకలో కొలంబో, గాల్, మిరిస్సా వైపు సముద్రం ఎగిసిపడుతుంటుంది. అదే నెలల్లో అదే ద్వీపానికి తూర్పున ట్రింకోమలీ, పాసికుడా దగ్గర నీళ్ళు చెరువులా ఉంటాయి. అక్టోబర్ వచ్చేసరికి ఈశాన్య రుతుపవనాలు మొదలై చెన్నై, నాగపట్నం, ట్రింకోమలీ అన్నీ తడిసి ముద్దవుతాయి. డిసెంబర్ చివర్నుంచి మార్చి దాకా దక్షిణ లంక, మాల్దీవులు, థాయిలాండ్‌లో అండమాన్ సముద్రం వైపు తీరం బాగుంటాయి. అంటే ఒకరి ఆఫ్ సీజన్ ఇంకొకరి సీజన్. వీళ్ళంతా కలిసి ఒకే క్యాలెండర్ పెట్టుకుని అమ్మితే జనం ఏడాదంతా సర్దుకుంటారు, ఒక్కో తీరానికి కొన్ని నెలల విశ్రాంతి దొరుకుతుంది. ఇప్పుడు జరుగుతున్నది వేరు. డిసెంబర్ సెలవుల్లో అందరం ఒకేచోట ఎగబడతాం.

ఈ పాఠం నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. 2023 అక్టోబర్ 14న నాగపట్నం నుంచి జాఫ్నా పక్కనున్న కంకేసంతురైకి ఫెర్రీ మొదలైంది. సుమారు 110 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపు ప్రయాణం. ఆ ఉత్సాహంలో నేను నవంబర్‌కి ఎనిమిది మందిని ఒప్పించేశాను. తీరా చూస్తే వాతావరణం బాగాలేక వారం తిరక్కుండానే సర్వీసు ఆగిపోయింది. ఈశాన్య రుతుపవనాల ముందు ఆ జలసంధిలో పడవ ప్రయాణం అమ్మానంటే తప్పు నాదే, సముద్రానిది కాదు. ఎనిమిది మందికీ డబ్బులు వెనక్కిచ్చి, ఇద్దరికి కాఫీ ఇచ్చి, ఒకాయనతో మాత్రం అరగంట తిట్లు తిన్నాను. ఆ ఫెర్రీ మళ్ళీ 2024 ఆగస్టు 16న మొదలైంది.

మన పెద్దవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. 1914లో పాంబన్ వంతెన వచ్చాక ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ రైలెక్కి ధనుష్కోడి వెళ్ళి, అక్కడ స్టీమర్ ఎక్కి తలైమన్నార్‌లో దిగి, మళ్ళీ రైల్లో కొలంబో చేరేవాళ్ళు. 1964 డిసెంబర్ తుఫాను ధనుష్కోడిని తుడిచిపెట్టేదాకా ఆ దారి నడిచింది.

అపోహ: ఎవరి బీచ్ వాళ్ళు శుభ్రం చేసుకుంటే చాలు

2025 జూన్‌లో ఒక కుటుంబాన్ని ధనుష్కోడి తీసుకెళ్ళాను. ఇసుకలో ఆడుకుంటున్న పాప పరుగెత్తుకుంటూ వచ్చి గుప్పిట విప్పింది. అరచేతిలో సగ్గుబియ్యం గింజల్లాంటివి, తెల్లగా, గుండ్రంగా. "ముత్యాలు!" అంది. వాళ్ళమ్మ కూడా ఒక్క క్షణం అలాగే అనుకున్నట్టుంది. నేను ఒకటి తీసి గోటితో నొక్కాను, నలగలేదు. ప్లాస్టిక్. బకెట్లు, సంచుల తయారీకి ముడిసరుకుగా వాడే గుళికలు.

అంతకు కొన్ని రోజుల ముందు, మే 25న, కొచ్చి దగ్గర అరేబియా సముద్రంలో ఒక సరుకు ఓడ మునిగిపోయింది. దాని కంటైనర్లలోని గుళికలు కేరళ తీరానికి కొట్టుకొచ్చి, నైరుతి గాలులతో కన్యాకుమారి చుట్టూ తిరిగి మన్నార్ సింధుశాఖలోకి వచ్చాయి, శ్రీలంక ఉత్తర తీరంలో కూడా తేలాయి. అంతకు నాలుగేళ్ళ ముందు బాధ వాళ్ళది. 2021 మేలో కొలంబో ఎదుట ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ తగలబడి, జూన్‌లో మునిగినప్పుడు దాదాపు 1,680 టన్నుల గుళికలు నీళ్ళపాలయ్యాయి. నెగొంబో వైపు జాలర్లు రోజుల తరబడి వేటకి వెళ్ళలేదు. అప్పుడు మనవాళ్ళు "అయ్యో పాపం" అన్నారు. ఈసారి ఓడ మునిగింది మన దగ్గర, గుళికలు తేలింది వాళ్ళ ఒడ్డున కూడా.

ధనుష్కోడి నుంచి తూత్తుకుడి దాకా ఉన్న మన్నార్ సింధుశాఖ జాతీయ సముద్ర ఉద్యానంలో 21 దీవులు. 1986లో దీన్ని ప్రకటించారు. పక్కనే పాక్ అఖాతంలో 2022లో 448 చదరపు కిలోమీటర్ల డుగాంగ్ సంరక్షణ ప్రాంతం వచ్చింది. సముద్రపు గడ్డి మేసే ఈ జంతువు మనవైపూ ఉంది, లంకవైపూ ఉంది. అటు వలలో పడితే ఇటు తగ్గుతుంది. ఓడ మునిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, గుళికలు ఏ దిక్కుకి పోతాయి, ఏరిన చెత్త ఎక్కడ పెట్టాలి అన్నవి ముందే రెండు దేశాలూ కూర్చుని తేల్చుకోవాల్సినవి. ఊడ్చి పక్కింటి గుమ్మం ముందు పోస్తే సాయంత్రం గాలికి మనింట్లోకే వస్తుంది.

ఆ పాపకి ముత్యాలు కావని చెప్పడం మాత్రం కష్టమైంది.

అపోహ: సహకారం అంటే మంత్రుల సంతకాలు, మన చేతిలో ఏముంది?

సంతకాలు కావాలి. 1997లో ఏర్పడిన బిమ్‌స్టెక్ అనే బంగాళాఖాతం దేశాల కూటమిలో పర్యాటకం కూడా ఒక అంశం. బంగాళాఖాతంలో చేపల వేట, జాలర్ల భద్రత గురించి భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు కలిసి నడిపే బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఆఫీసు ఎక్కడో కాదు, మన చెన్నై అభిరామపురంలోనే ఉంది. దాని పని పర్యాటకం కాదు, నిజమే. కానీ టూరిస్టుల్ని పడవలో తిప్పేది చాలాచోట్ల ఆ జాలర్లే కదా.

యూరప్‌లో వాడెన్ సముద్రం అని ఉంది. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ తీరాల వెంబడి బురద మేటలు, లక్షల కొద్దీ వలస పక్షులు, మన పులికాట్‌కి పెద్దన్నలా. మూడు దేశాలూ 1978 నుంచి దాన్ని కలిసి చూసుకుంటున్నాయి. 2009లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది, 2014లో డెన్మార్క్ భాగం కూడా చేరింది. పర్యాటకానికి కూడా ఉమ్మడి వ్యూహం రాసుకున్నారు. మన పులికాట్‌కి ఉన్నది రెండు రాష్ట్రాలే, అయినా ముఖద్వారంలో ఇసుక మేట వేసిందంటే ఎవరు తవ్వించాలన్నదే ఏళ్ళ తరబడి మాట. సూళ్లూరుపేట నా సొంతూరు కాబట్టి కొంచెం నిష్ఠూరంగానే అంటున్నాను. పైగా అదే సరస్సులో జాలర్లకి 'పాడు' అనే పాత పద్ధతి ఉంది. ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో వంతులు వేసుకుంటారు. వాళ్ళకి తెలిసిన సంగతి మనకి తెలియదు.

ఇక మన చేతిలో ఏముందంటే, చెప్తాను. కొన్నేళ్ళ క్రితం జూలైలో ట్రింకోమలీ దగ్గర తిమింగలాల్ని చూడ్డానికి మా వాళ్ళతో నేనూ వెళ్ళాను. తెల్లవారుజామున బయల్దేరాం. రెండు గంటలు ఏమీ లేదు. తర్వాత దూరంగా నీటి చిమ్ము లేచింది. మా పడవాయన ఇంజిన్ తగ్గించాడు. ఈలోగా ఎక్కణ్ణించి వచ్చాయో ఏడెనిమిది పడవలు, పూర్తి వేగంతో దాన్ని చుట్టుముట్టాయి. వంద మీటర్ల దూరం పాటించాలన్నది అక్కడి నిబంధన. ఆ పడవలు దాదాపు దాని వీపు మీదున్నాయి. అది ఒక్కసారి తోక ఎత్తి మునిగిపోయింది, మళ్ళీ కనపడలేదు.

ఒడ్డుకొచ్చాక మా పడవాయన్ని అడిగాను, ఎందుకలా ఎగబడతారని. తమిళంలో నెమ్మదిగా అన్నాడు: "మీ చెన్నై ఏజెంట్లే కదా సార్, గ్యారంటీగా చూపించాలి, లేకపోతే డబ్బివ్వం అంటారు."

నాకు గొంతులో వెలక్కాయ పడింది. నా వోచర్ మీద అక్షరాలా ఆ మాటే ఉంది. ఆ రాత్రే హోటల్ రూములో కూర్చుని ఆ లైను తీసేశాను. ఇప్పుడు రాసేది ఇది: తిమింగలం కనపడకపోయినా పడవ డబ్బు పూర్తిగా ఇవ్వాలి, దగ్గరికి పోనిస్తే మాత్రం కోత. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు పోయారు. పడవాయన మాత్రం ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. రెండు దేశాల మధ్య సహకారం అంటే నాకు తెలిసినంతలో మొదట ఈ వోచరే.

అపోహ: మూసేస్తే వ్యాపారం పోతుంది

థాయిలాండ్‌లో ఫీఫీ దీవుల్లోని మాయా బే బీచ్ సంగతి చాలామందికి తెలుసు. రోజుకి 5,000 మందికి పైగా దిగేవాళ్ళు, పడవల లంగర్లకి పగడాలు నుజ్జయ్యాయి. 2018 జూన్‌లో మూసేశారు. "అయిపోయింది, ఫీఫీ పని ఖతం" అన్నారు మా లైన్‌లో. 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు పడవలు ముందువైపు రాకూడదు, వెనకనున్న ఇంకో ఒడ్డున ఆగాలి, విడతకి ఇంతమందే అని లెక్క, నీళ్ళలో ఈత లేదు, ఏటా ఆగస్టు, సెప్టెంబర్ సెలవు. నల్లమొన రెక్కల సొరచేపలు తిరిగొచ్చాయి. నా కస్టమర్లు ఇప్పటికీ అదే అడుగుతారు, ఈత లేదని చెప్పినా సరే. ఆ దేశ సముద్ర ఉద్యానాల్లో పగడాలకి హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ కూడా 2021 నుంచి నిషేధం, సంచి సర్దుకునేటప్పుడు చూసుకోండి.

అపోహ: బ్లూ ఫ్లాగ్ వస్తే ఇక ఢోకా లేదు

ఇల్లు అలకగానే పండగ కాదు. బ్లూ ఫ్లాగ్ అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకి అంతర్జాతీయంగా ఇచ్చే గుర్తింపు జెండా. విశాఖ రుషికొండకి 2020లో వచ్చింది, మన చెన్నై దగ్గరి కోవళం బీచ్‌కి 2021లో. 33 ప్రమాణాలు, ఎప్పటికప్పుడు తనిఖీ. రుషికొండకి నిర్వహణ సరిగా లేదని 2025 మొదట్లో తాత్కాలికంగా తీసేసి, సరిచేశాక తిరిగిచ్చారు. నన్నడిగితే తీసేయడమే ఆ జెండాకి విలువ తెచ్చింది.

అపోహ: ఇదంతా డబ్బున్నవాళ్ళ యవ్వారం

మాల్దీవుల్లో రాత్రికి మనిషికి గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2025 నుంచి రిసార్టులకి 12 డాలర్లు, స్థానికులుండే దీవుల్లోని చిన్న గెస్ట్‌హౌస్‌లకి 6 డాలర్లే. ఆ చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉంటే మీ డబ్బు అదే వీధిలోని కొట్టుకి, పడవకి పోతుంది, ఖర్చూ తగ్గుతుంది. మూడు రోజుల్లో మూడు దేశాలు చుట్టే విమానం టికెట్ల కంటే ఒక్కచోట వారం ఉండటం చవక, పొగ కూడా తక్కువ. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: తీరం అంటే బీచ్, స్కూబా, ఫోటోలు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. నాగార్జునకొండలో దొరికిన మూడో శతాబ్దపు శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. తామ్రపర్ణి భిక్షువుల పేరు ఉంది. తామ్రపర్ణి అంటే శ్రీలంకే. కృష్ణ ఒడ్డుకీ ఆ ద్వీపానికీ పదిహేడు వందల ఏళ్ళ క్రితమే రాకపోకలుండేవి. శ్రీలంక నుంచి వచ్చే బౌద్ధ యాత్రికులు బుద్ధగయకి వెళ్తారు, అమరావతి, ఘంటసాల, శాలిహుండం మాటే ఎవరూ వాళ్ళకి చెప్పరు.

అలాగే డచ్చివాళ్ళ దారి. పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఇప్పుడు అక్కడ మిగిలింది ముళ్ళకంప, పక్కన పుర్రె ఎముకలు చెక్కిన రాళ్ళున్న స్మశానం. అక్కడి నుంచి సద్రాస్, నాగపట్నం, సముద్రం దాటి జాఫ్నా కోట, చివర గాల్. ఈ అయిదూ ఒక వరసలో చూసినవాళ్ళు మరో బీచ్ రిసార్ట్ అడగరు. వానలు కురిసే నెలల్లో కూడా చూడొచ్చు, ఒక్క పగడం కూడా విరగదు. రెండు దేశాల గైడ్లకి ఒకే కథ చెప్పడం నేర్పితే చాలు. ఇప్పుడు పులికాట్ గైడు డచ్చివాళ్ళు ఇక్కడికొచ్చి వెళ్ళిపోయారంటాడు, జాఫ్నా గైడు వాళ్ళు ఎక్కణ్ణించో వచ్చారంటాడు. మధ్యలో నాలుగు గంటల ఫెర్రీ దూరం.

నిరుడు ఫిబ్రవరిలో మా కస్టమర్ల కుటుంబం ఒకటి బీసెంట్ నగర్‌లో తాబేళ్ళ నడకకి వచ్చింది. 1988 నుంచి ఇక్కడి విద్యార్థులు రాత్రిపూట తీరం వెంట నడిచి, ఆలివ్ రిడ్లీ గుడ్లని ఏరి సంరక్షణ కేంద్రంలో పాతిపెడుతున్నారు. 2025 జనవరిలో ఈ తీరానికి వెయ్యికి పైగా తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి, ఎక్కువగా ట్రాలర్ వలల్లో ఊపిరాడక. ఆ రాత్రి రెండింటికి ఇసుకలో ట్రాక్టర్ చక్రం గుర్తులాంటి జాడ కనపడింది. కుర్రాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తవ్వారు. నూటికి పైగా గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా. ఒడిశా దగ్గర గుడ్లు పెట్టే ఈ జాతి తాబేళ్ళు శ్రీలంక వైపు దాకా వెళ్తాయని చెప్తే ఆ ఇంటాయన చాలాసేపు దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడే ఫోన్ చేసి జూన్‌లో ట్రింకోమలీకి నాలుగు టికెట్లు చెప్పాడు. పడవ సంగతి ముందే చెప్పేశాను. తిమింగలం కనపడకపోతే డబ్బు వెనక్కి రాదు.