గుర్రప్పిల్ల, మొదటి 24 గంటలు

"పుట్టిన రెండో రోజుకి ముర్రుపాలు దొరికాయి. ఇప్పుడు పట్టినా ఫలితం ఉంటుందా?" తల్లి పాలివ్వని గుర్రప్పిల్ల గురించి ఒక పాఠకురాలు అడిగారు. పట్టండి, పేగుల లోపలి గోడకు కాస్త కాపుగా ఉంటాయి. కానీ వాటిలోని రక్షణ ఇక ఆ పిల్ల రక్తంలోకి చేరదు. అది పశువైద్యుడు ప్లాస్మా (యాంటీబాడీలుండే రక్తపు ద్రవభాగం) ఎక్కించి ఇవ్వాల్సిందే.

మనిషి బిడ్డకు తల్లి యాంటీబాడీలు కడుపులోనే అందుతాయి. మన మావిలో బిడ్డ కణజాలం నేరుగా తల్లి రక్తంలో మునిగి ఉంటుంది. ఇమ్యూనోగ్లోబ్యులిన్-జి అనే యాంటీబాడీ అణువుల్ని పట్టి లోపలికి దాటించే గ్రాహకాలు అక్కడుంటాయి. గుర్రం మావిలో తల్లివి మూడు, పిల్లవి మూడు, మొత్తం ఆరు పొరలు రెండు రక్తాల మధ్య చెక్కుచెదరకుండా నిలబడతాయి. ఆక్సిజన్, గ్లూకోజ్ దాటతాయి, యాంటీబాడీలు దాటవు. సుమారు 340 రోజులు తల్లి కడుపులో పెరిగిన పిల్ల దాదాపు ఏ రక్షణా లేకుండా నేల మీద పడుతుంది. తరగతిలో మావి రకాల పేర్లు బట్టీ పట్టిస్తారు గానీ, ఈ పొరల లెక్క మీదే ఒక ప్రాణం నిలుస్తుందని చెప్పరు. చెబితే ఆ పేర్లు జన్మలో మరిచిపోరు.

ఈ లోటు తీర్చేవి ముర్రుపాలే. ఈనడానికి ముందు కొద్ది వారాల్లో తల్లి రక్తంలోని యాంటీబాడీలు పొదుగులో పోగవుతాయి. మంచి ముర్రుపాలు పసుపుపచ్చగా, చిక్కగా, వేళ్ల మధ్య రుద్దితే బంకలా తగులుతాయి. కొత్తపాలు అరగవని పిండి పారబోసే నమ్మకం చాలా చోట్ల ఉండేది. పిల్లకు అంతకన్నా ద్రోహం లేదు.

అసలు అద్భుతం పేగులో ఉంది. మామూలుగా ప్రొటీన్ ముక్కలైతే తప్ప పేగు దాటదు. అప్పుడే పుట్టిన పిల్ల చిన్నపేగుకు మాత్రం ఒక తలుపు తెరిచి ఉంటుంది. అక్కడి కణాలు పెద్ద ప్రొటీన్లను ఉన్నవి ఉన్నట్టే చిన్న బుడగల్లో చుట్టి మింగి, అవతలి వైపు లింఫ్‌లోకి వదులుతాయి. అక్కడి నుంచి అవి రక్తంలో కలుస్తాయి. దారిలో జీర్ణరసాలు యాంటీబాడీలను తినేయకుండా ప్రొటీన్లను ముక్కలు చేసే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థమూ ముర్రుపాలలోనే ఉంటుంది. మొదటి 6-8 గంటలు తలుపు బార్లా ఉంటుంది. తర్వాత ఆ కణాలు రాలిపోతూ, మింగే గుణం లేని కొత్త కణాలు వాటి చోట చేరతాయి. 24 గంటలకల్లా తలుపు మూసుకుపోతుంది. అందుకే 45-50 కిలోల పిల్లకు ఆ తొలి గంటల్లోనే లీటరు నుంచి రెండు లీటర్లు పడాలి.

ఈ తలుపు వచ్చేది మేలో కీడో చూడదు. తండ్రి నుంచి పిల్లకు వచ్చిన రక్తవర్గానికి (గుర్రాల్లో ముఖ్యంగా ఏఏ, క్యూఏ అనే రకాలు) వ్యతిరేకంగా తల్లిలో, ఎక్కువగా పాత కాన్పుల వల్ల, యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. అవీ ముర్రుపాలతో లోపలికి వెళ్లి ఎర్రరక్తకణాలను బద్దలు కొడతాయి. గంతులేసిన పిల్ల ఒకటి రెండు రోజుల్లో నీరసించి, చిగుళ్లు పాలిపోయి పచ్చబడతాయి. అలాంటి తల్లి అని ముందే తెలిస్తే పిల్ల మూతికి చిక్కం కట్టి, ఆ తల్లి పాలు పిండేస్తూ, మరో గుర్రం ముర్రుపాలు పడతారు. ఒకటి రెండు రోజుల్లో చిక్కం తీసేయొచ్చు. తలుపు మూసుకున్నాక ఆ తల్లి పాలు తాగినా ఏమీ కాదు.

రక్షణ సరిపడా చేరిందో లేదో 18-24 గంటల మధ్య రక్తపరీక్ష చెబుతుంది. ఇమ్యూనోగ్లోబ్యులిన్-జి డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే మంచిదే. 400 లోపుంటే అసలు చేరనట్టే లెక్క.

మిగతావి క్లుప్తంగా: పిల్ల గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పొదుగు అందుకోవాలి, మూడు గంటల్లో తల్లి మావి పడాలి. బొడ్డును పలచని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందులో ముంచాలి. ఘాటు అయోడిన్ కణజాలాన్ని కాల్చేస్తుంది. తొలి లద్దె ఒక రోజులో పడకపోతే వైద్యుణ్ణి పిలవాలి.

మచ్చిక చేసే తొందరలో పాలు తాగే ఈ గంటలను పాడుచేయకండి. పుట్టగానే ఒళ్లంతా తడిమి అలవాటు చేయాలన్న పద్ధతికి అమెరికన్ పశువైద్యుడు రాబర్ట్ మిల్లర్ ప్రచారం తెచ్చారు. తర్వాతి పరీక్షల్లో దాని ప్రభావం ఎక్కువకాలం నిలిచినట్టు కనిపించలేదు. 2005లో ఫ్రెంచ్ పరిశోధకులు పిల్లను ముట్టుకోకుండా, మొదటి ఐదు రోజులు తల్లికి మాత్రమే మెల్లగా బ్రష్ చేశారు. ఆ తల్లుల పిల్లలు మనుషుల దగ్గరికి త్వరగా వచ్చాయి. నాకు నచ్చిన దారి ఇదే.

తర్వాత పట్టుకోవాల్సి వస్తే ఒక చేయి రొమ్ము ముందు, మరో చేయి పిరుదుల వెనుక పెట్టండి. పొట్ట కింద చేయి వేసి ఎత్తొద్దు, తలతాడు పట్టి లాగొద్దు. లాగితే పిల్ల వెనక్కి గింజుకుని వెల్లకిలా పడుతుంది, తలకు దెబ్బ తగులుతుంది.