బస్సు ఉందని రాసుంది, మరి మనమెందుకు నడిచాం?

చిట్టీ, చిన్నోడా,

మీరు పోయాక ఇల్లు బోసిపోయింది. స్టేజీ కాడ దిగి సంచులు మోసుకుంటూ వస్తున్నప్పుడు చిన్నోడు అడిగిన దానికి ఆ ఎండలో జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో మన ఊరి పేరు కొడితే బస్సు ఉందని వచ్చింది కదా, మరి ఈ నడకేంది తాతా అన్నాడు. ఫోన్లో ఉన్నది అబద్ధం కాదురా. కాకపోతే అది మన గురించి కాదు.

జనాభా లెక్కల్లో బస్సు, బడి, ఆసుపత్రి వివరాలు రాసేది రెవెన్యూ గ్రామానికి. భూమి లెక్కల కోసం గీసిన హద్దు అది. పెద్దూరు, చుట్టూ ఉన్న తండాలు, మన శివారు పల్లె అన్నీ ఆ ఒక్క పేరు కిందే. పెద్దూరికి పల్లెవెలుగు వస్తుంది, అందుకని మనకూ వచ్చినట్టే. బస్సు రాని ఊరైతే ఎంత దూరంలో దొరుకుతుందో ఒక అక్షరంతో తేల్చేస్తారు: 5 కిలోమీటర్ల లోపు ఎ, 10 దాకా బి, ఆపైన సి. మధ్యలో వాగుందని చెప్పే అక్షరం లేదు.

రోడ్డు సంగతి వేరు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రెవెన్యూ గ్రామాన్ని కాదు, జనం కలిసి ఉండే ఒక్కో ఆవాసాన్ని విడిగా చూస్తుంది. కొండ ప్రాంతాల్లో, ఏజెన్సీలో 250 మంది చాలు. మనలాంటి మైదానంలో 500 ఉండాలి, అదీ 2001 లెక్కల ప్రకారం. మన పల్లె ఆ గీతకు కొద్దిగా కింద ఆగిపోయింది. అప్పుడు బడి పంతులుగా ఆ లెక్క రాసింది నేనే.

బడి వదిలాక ఫారాలు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. పాలమూరులో ఫిబ్రవరంటే పంట ఇంటికొచ్చి, చేలల్లో పనిలేక, సగం పల్లె పుణెకో ముంబైకో వలసపోయే కాలం. ఎటు చూసినా తాళాలే. ఒక ఇంటి అరుగు మీద ముసలవ్వ, ముగ్గురు మనవలు.

"ఎంతమంది ఉంటరవ్వా?"

"తొమ్మిది మందిమి సారూ."

నలుగుర్నే రాశాను. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఊళ్లో లేనివాళ్లను ఎక్కడున్నారో అక్కడే రాయాలి. అవ్వ వేళ్లు మడుస్తూ కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు మళ్లీ చెప్పింది. నేను తల వంచుకుని ఫారం మడిచాను.

28 రాత్రి పదకొండింటికి బావి పక్కింట్లో ఆడపిల్ల పుట్టింది. మార్చి మొదటి వారంలో మళ్లీ తిరిగినప్పుడు ఆ పిల్లను చేర్చాను. లెక్క ఆ అర్ధరాత్రి నాటిది, పన్నెండు దాటి పుట్టి ఉంటే అందులోకి వచ్చేది కాదు.

రూలు తప్పని అనను. ఒకే మనిషిని పుణెలోనూ ఇక్కడా రాస్తే దేశం లెక్క కుదరదు. నాకు కోపం ఆ నెల మీద.

రోడ్డు పడితే బస్సు దానంతటదే వస్తుందనుకోకండి. కిలోమీటరుకి ఎంత రాబడి అన్నది డిపోవాళ్లు చూసుకుంటారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, కండక్టరు ఇచ్చిన జీరో టికెట్లన్నీ మీ నాయనమ్మ గూట్లో దాచుకుంటుంది. "బస్సుల పైసలు లేవు గానీ, స్టేజీ దాక నా మోకాళ్లే టికెట్టు" అంటుంది.

ఆ సడక్ యోజన నాలుగో విడత 2024లో ఒప్పుకున్నారు. ఈసారి చూసేది 2011 లెక్కలు. చిన్నోడా, నీ ఈడు పిల్లలు ఒక్కరూ అందులో లేరు. 2021లో జరగాల్సిన లెక్కలు కోవిడ్‌తో ఆగి, 2027 మార్చి 1 నాటికి ఎంతమందో లెక్కించాలని తేల్చారు. అంటే మనుషుల్ని లెక్కించడానికి మళ్లీ ఫిబ్రవరిలోనే మన ఇళ్లకు వస్తారు.

దసరాకు వచ్చేముందు ఫోన్ చేయండి. వాగు పారుతుంటే ఆటో రాదు, పక్కింటి ట్రాక్టరు స్టేజీ కాడికి పంపిస్తాను.

మీ తాత