అంగిలి మీద గాయం, పరీక్షల వారం, 200 కిలోమీటర్లు

1998లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధన కోసం అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 11 మంది దంతవైద్య విద్యార్థులు నోరు తెరిచి కూర్చున్నారు. వేసవి సెలవుల్లో ఒకసారి వాళ్ల అంగిలికి ఒక పక్కన 3.5 మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రటి గాటు పెట్టారు. కాలేజీ తెరిచాక, మొదటి పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు, రెండో పక్కన సరిగ్గా అదే కొలతతో ఇంకో గాటు. రోజూ ఫొటో తీస్తూ ఏది ఎన్నాళ్లకు మానుతుందో చూశారు. పరీక్షల నాటి గాయానికి సగటున మూడు రోజులు, అంటే 40 శాతం, ఎక్కువ పట్టింది. ఒక్కరికి కూడా అది సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. పరీక్ష ఉందని ఒంటికి తెలిసిపోయింది.

సైకిల్ గురించి రాయబోతూ అంగిలి దగ్గర మొదలుపెట్టడం వింతగానే ఉంటుంది. కానీ దూరాలు తొక్కాలనుకునే విద్యార్థి ప్రణాళిక ఎక్కడ తప్పుతుందో ఆ గాటే చూపిస్తుంది. టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని, తరగతులు లేని గడులు వెతికి, వాటిలో సైకిల్‌ను కుక్కేస్తాం. గంటలు దొరికితే సాధన జరిగినట్టే అని లెక్క. నిజానికి తొక్కే గంటలో మనిషి బలపడడు, అలిసిపోతాడు. బలం వచ్చేది ఆ తర్వాత, తిని పడుకున్నాక. 1967లో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎంజైములు దాదాపు రెట్టింపు కావడం చూపించారు. ఆ ఎంజైములన్నీ కణం కొత్తగా కట్టుకోవలసిన ప్రోటీన్లే. ఆ కట్టుబడి నెమ్మదించే వారాల్లో ఎన్ని గడులు ఖాళీగా ఉంటే మాత్రం ఏం లాభం?

మిస్సోరి విశ్వవిద్యాలయంలో 101 మంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఒక సీజన్ పొడవునా గమనించి 2016లో ఒక పరిశోధన వెలువరించారు. పరీక్షల ఒత్తిడి ఎక్కువగా ఉన్న వారాల్లో వాళ్లకు గాయాలు, జబ్బులు పెరిగాయి. మైదానంలో కసరత్తు ఒక ఖాతా, పుస్తకం ముందు కసరత్తు మరో ఖాతా అని మనం అనుకుంటాం. శరీరం దగ్గర ఉన్నది ఒకటే ఖాతా.

అందుకే ప్రణాళిక గీయడం మొదలుపెట్టేది సైకిల్ నుంచి కాదు, పరీక్షల తేదీల నుంచి. సెమిస్టర్ క్యాలెండర్‌లో ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, ఫైనల్స్ వారాలను ముందే ఎర్ర సిరాతో చుట్టేయాలి. మిగిలినవే సాధన వారాలు. అలా చుట్టాక చాలామందికి ఏడాదిలో సగమే మిగులుతుంది. కంగారు పడక్కర్లేదు, అది చాలు.

ఎంత భారం మోస్తున్నామో తెలియడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. తొక్కడం అయిన అరగంటకు, ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 వరకు ఒక అంకె వేసుకుని, దాన్ని తొక్కిన నిమిషాలతో గుణించాలి. తేలిగ్గా గంట తొక్కి 3 వేసుకుంటే 180. గట్టిగా 40 నిమిషాలు తొక్కి 8 వేసుకుంటే 320. గడియారం చూస్తే రెండోది చిన్నది, ఒంటికి అదే పెద్దది. ఈ అంకె పక్కన నేనైతే నిద్రపోయిన గంటలు కూడా రాస్తాను. రెండు మూడు వారాలకు ఆ రెండో వరుస చెప్పే కథే ఆసక్తిగా ఉంటుంది.

రోజులో ఎప్పుడు తొక్కాలన్నది మరో చిక్కు. 2009లో సామ్యుయెలె మార్కోరా బృందం 16 మందిని సైకిల్ ఎక్కించి, ఇక చేతకాదు అనేదాకా తొక్కించింది. ఒక రోజు దానికి ముందు 90 నిమిషాలు మెదడుకు పని పెట్టే కంప్యూటర్ పరీక్ష, ఇంకో రోజు ఊరికే డాక్యుమెంటరీ చూడటం. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కగలిగారు. మెదడు అలిసిన రోజు 640 సెకన్లే. గుండె, ఊపిరి, కండరం కష్టపడితే రక్తంలో పెరిగే లాక్టేట్ ఏవీ దీనికి కారణం చెప్పలేకపోయాయి. కాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, శ్రమ మాత్రం మొదటి నిమిషం నుంచే ఎక్కువగా తోచింది. లైబ్రరీలో సాయంత్రం దాకా లెక్కలతో కుస్తీ పట్టి, ఆ తర్వాత గట్టిగా తొక్కలేకపోయానని తనను తాను తిట్టుకునే వాళ్లకు ఈ ప్రయోగం కాస్త ఊరట. గట్టి సాధన చదువుకు ముందు, తేలిక సవారీ చదువు తర్వాత పెట్టుకుంటే ఈ గొడవ చాలా వరకు తీరుతుంది. అయితే తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని అర్ధరాత్రి దాటాక పడుకునేవాడికి ఈ సలహా పనికిరాదు. నిద్ర అమ్మి సాధన కొనడం నష్టపు బేరం.

తరగతులు నడిచే మామూలు వారంలో మూడు సవారీలు చాలు, వాటిలో ఒకటి గట్టిది. ఆ గట్టిది ఎలా ఉంటుందంటే: పది నిమిషాలు తేలిగ్గా తొక్కి ఒళ్లు వేడెక్కించాలి. తర్వాత నాలుగు నిమిషాలు, గుండె తన గరిష్ఠ వేగంలో 90 నుంచి 95 శాతానికి చేరేంత గట్టిగా. మొదటి నిమిషంలో ఇంతేనా అనిపిస్తుంది, గుండె ఇంకా కాళ్లను అందుకోలేదు కాబట్టి. రెండో నిమిషంలో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. మూడు దాటాక మాట్లాడాలనే అనిపించదు. మూడు నిమిషాలు నెమ్మదిగా తొక్కి ఊపిరి తీసుకుని, మళ్లీ నాలుగు. ఇలా నాలుగు విడతలు. చివర ఐదు నిమిషాలు చల్లబడటానికి కలుపుకున్నా 40 నిమిషాల్లో పూర్తవుతుంది. నార్వేలో హెల్గెరూద్ బృందం ఇదే పద్ధతిని పరుగుతో, వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు చేయించినప్పుడు ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్ పరిమితి 7.2 శాతం పెరిగిందని 2007లో తేలింది. వాహనాల మధ్య ఇలా తొక్కడం ప్రమాదం. ఖాళీ రోడ్డైనా కావాలి, కదలని సైకిలైనా కావాలి.

ఇంత తక్కువ సమయంలో ఇంత లాభం ఉంటే గంటల కొద్దీ తొక్కడం ఎందుకు? 200 కిలోమీటర్ల బ్రెవేనే, అంటే పోటీ కాకుండా గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సవారీనే, తీసుకుందాం. దానికి అంతర్జాతీయంగా ఉన్న గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయంతో సహా గంటకు 15 కిలోమీటర్ల లోపు సగటు సరిపోతుంది. వేగం సమస్యే కాదు. 22 కిలోమీటర్ల వేగంతో కదిలినా తొమ్మిది గంటలకు పైగా సీటు మీద ఉండాలి. మధ్యస్థంగా తొక్కితే గంటకు సుమారు 450 కిలోక్యాలరీలు ఖర్చు, మొత్తం నాలుగు వేల పైచిలుకు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, అంతా కలిపి 500 గ్రాములు, అంటే రెండు వేల కిలోక్యాలరీలు. కొవ్వు ఎంతైనా ఉంటుంది గానీ దాన్ని వాడుకోవడం కండరం నెమ్మదిగా నేర్చుకోవాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తింటూ తొక్కడం కడుపు నేర్చుకోవాలి. అరచేతుల తిమ్మిరి, మెడ నొప్పి, సీటు ఒరిపిడి ఎక్కడ మొదలవుతాయో మనకు తెలియాలి. నాలుగో గంటలో బయటపడే తప్పు 40 నిమిషాల్లో ఎన్నడూ కనిపించదు. పొడవైన సవారీలు ప్రతి వారం అవసరం లేదు. మూడు గంటలు, నాలుగు, ఐదున్నర, ఏడు అంటూ సెలవు రోజుల మీదుగా మెట్లు కట్టుకుంటూ పోతే సరి.

ఇక ఎర్ర సిరా వారాలు. ఇక్కడే చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు: పూర్తిగా మానేస్తారు, లేదా నెమ్మదిగా తొక్కుతూ రోజులు మాత్రం తగ్గకుండా చూసుకుంటారు. వ్యాయామ శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ 1980లలో దీన్ని ఒక్కో ముడిగా విప్పారు. పది వారాల పాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు కఠినంగా సాధన చేయించి, తర్వాతి 15 వారాలు ఒక్కో బృందానికి ఒక్కోటి తగ్గించారు. రోజులను రెండుకు తగ్గించినా ఆక్సిజన్ పరిమితి నిలిచింది. నిమిషాలను 13కి తగ్గించినా అది నిలిచింది గానీ, ఎక్కువసేపు తొక్కే ఓపిక కొంత పడిపోయింది. తీవ్రతను తగ్గించిన వాళ్లకు మాత్రం సంపాదించింది జారిపోయింది. కాబట్టి పరీక్షల వారంలో రెండే రోజులు, అరగంట చొప్పున, నాలుగు విడతలకు బదులు రెండు. ఆ రోజు నిద్ర ఐదు గంటలే అయితే అదీ వద్దు.

ఈవెంట్‌ను పరీక్షలు ముగిసిన మొదటి ఆదివారానికే పెట్టుకోకండి. అప్పటికి కాళ్లు విశ్రాంతిలో ఉన్నట్టే కనిపిస్తాయి, అంగిలి మీద గాయం మాత్రం ఇంకా మానుతూ ఉంటుంది. కనీసం మూడు వారాలు వదలాలి. పరీక్షల రోజుల్లో అసలు తొక్కనే లేకపోయినా భయం లేదు. కాయిల్ బృందం 1984లో బాగా సాధన చేసిన వాళ్లను పూర్తిగా మాన్పించి చూస్తే, మొదటి మూడు వారాల్లో ఆక్సిజన్ పరిమితి సుమారు 7 శాతమే తగ్గింది. అందులో ఎక్కువ భాగం గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గడం వల్ల, ఆ తగ్గుదలలో రక్తంలోని ద్రవానిది పెద్ద వాటా. పరీక్షల తర్వాత మొదటి సవారీలో, తెలిసిన రోడ్డు మీదే, గుండె నిమిషానికి మామూలు కంటే ఏడెనిమిది సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంటే అది అదే. ఆ రోజు వేగం చూడకుండా గంట తొక్కి ఇంటికి వచ్చేయండి. ఆ ద్రవం కొన్ని రోజుల్లోనే తిరిగి నిండుతుంది.